అరెస్టు ‘చూపించక ముందు’ గంటలు: స్టేషన్‌లో పడ్డ దెబ్బలకు జవాబు రాబట్టే దారి

తెల్లారి ఆరింటికి మఫ్టీలో ఇద్దరొస్తారు. ‘ఎస్సై గారు రమ్మంటున్నారు, పది నిమిషాల్లో పంపించేస్తాం’ అని మనిషిని బండెక్కించుకుని పోతారు. రెండు రోజులు గడిచాక జిల్లా ఎడిషన్‌లో వార్త వస్తుంది: ‘నిన్న సాయంత్రం బస్టాండ్ వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా అదుపులోకి తీసుకున్నారు’ అని. ఆ ఉదయానికీ ఈ సాయంత్రానికీ మధ్య గడిచిన గంటలు ఏ కాగితం మీదా ఉండవు. ఇంట్లోవాళ్లేమో ‘స్టేషన్‌లో కూర్చోబెట్టారు’ అంటారు, స్టేషన్‌లోనేమో ‘ఇంకా అరెస్టు చూపించలేదు’ అంటారు. కోటింగ్, అంటే పోలీసు దెబ్బలు, పడేది దాదాపు ఎప్పుడూ ఆ గంటల్లోనే.

అందుకే మొదటి పని ఆ గంటలను కాగితం మీదికి ఎక్కించడం. వకీలు, కమిషన్, హైకోర్టు అన్నీ ఆ తర్వాత. మొదటి రోజు వేళ రాసిపెట్టినవాళ్లు ఏడాది తర్వాత కూడా నిలబడి ప్రశ్న అడగగలుగుతారు. రాయనివాళ్ల మాటకు ‘మేము తీసుకొచ్చిందే నిన్న సాయంత్రం’ అన్న ఒక్క వాక్యం అడ్డుపడుతుంది.

చట్టం లెక్క ఇది. మనిషిని కదలనివ్వకుండా పట్టుకున్నప్పటి నుంచి, ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణ, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్ రెండూ చెప్పేది ఇదే. ఈ సంహిత 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో అమల్లో ఉంది. కింద చట్టం పేరు లేకుండా సెక్షన్ నంబరు ఒక్కటే ఉంటే అది ఈ సంహితదే. స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ పాత నంబర్లే నడుస్తున్నాయి కాబట్టి రెండూ తెలిసి ఉంటే మంచిది. ‘41ఏ నోటీసు’ అంటే ఇప్పుడు 35(3), ‘167 రిమాండ్’ అంటే 187.

తీసుకెళ్లిన మొదటి గంటలో

ముందు నాలుగు సంగతులు ఏదో ఒక నోటుబుక్కులో రాయండి: ఎన్నింటికి తీసుకెళ్లారు, ఎంతమంది వచ్చారు, బండి నంబరు, ఏ స్టేషన్ పేరు చెప్పారు. చొక్కా మీద పేరు పట్టీ ఉందో లేదో కూడా రాయండి. 1996 డిసెంబర్ 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పదకొండు షరతుల్లో మొదటిది ఆ పట్టీయే. వీధిలో కిరాణా కొట్టుకో, పెట్రోలు బంకుకో, అపార్ట్‌మెంట్ గేటుకో కెమెరా ఉంటే ఆ రోజే వెళ్లి ఆ నిమిషాల వీడియో పెన్‌డ్రైవ్‌లోకి తీయించుకోండి. చిన్న కొట్ల డీవీఆర్‌లలో (కెమెరా వీడియో దాచే పెట్టెల్లో) వారం, పది రోజులకు పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. బెయిలొచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఏమీ మిగలదు.

తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి: మనిషి మీ దగ్గర ఉన్నాడా, ఏ కేసులో, జీడీలో ఎంట్రీ వేశారా? జీడీ అంటే జనరల్ డైరీ, స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ దగ్గర ఉండే రోజువారీ పుస్తకం. స్టేషన్ ‘మా దగ్గర లేడు’ అంటే 112కు ఫోన్ చేసి అదే చెప్పండి. ఆ కాల్‌కు రికార్డు ఉంటుంది. అరెస్టయినవాళ్ల వివరాలు చెప్పడానికి ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారిని నియమించి ఉండాలని 37వ సెక్షన్ చెబుతోంది. ‘ఆ అధికారి ఎవరు సార్’ అని మర్యాదగా అడగండి. పేరు చెప్పకపోతే ఆ సంగతీ వేళతో సహా రాసుకోండి.

ఒకప్పుడు ఈ పనికి టెలిగ్రాం ఉండేది. ఎస్పీకి, మెజిస్ట్రేటుకు ఒక టెలిగ్రాం కొడితే దాని మీద తపాలా వాళ్ల వేళ పడేది, దాన్ని ఎవరూ మార్చలేరు. 2013 జులైలో ఆ సేవ ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిలు చేస్తుంది. జిల్లా ఎస్పీకి, ఆ ప్రాంత మెజిస్ట్రేట్ కోర్టుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఒకే మెయిలు పంపండి, మధ్యాహ్నం లోపు అదే ఉత్తరం స్పీడ్ పోస్టులోనూ వేయండి. ఉత్తరం ఇంత చిన్నదైతే చాలు:

‘ఈ రోజు …వ తేదీ ఉదయం 6.40 గంటలకు నా భర్త …ను, వయసు 34, … గ్రామంలోని మా ఇంటి నుంచి ముగ్గురు మఫ్టీ పోలీసులు … నంబరు గల తెల్ల బొలేరో వాహనంలో తీసుకెళ్లారు. … స్టేషన్ అని చెప్పారు. నోటీసు గానీ, అరెస్టు మెమో గానీ ఇవ్వలేదు. 9.15కు స్టేషన్‌కు ఫోన్ చేస్తే తమ వద్ద లేడన్నారు. తీసుకెళ్లేటప్పుడు ఆయన ఒంటి మీద ఏ గాయమూ లేదు. ఆయన ఎక్కడున్నారో తెలియజేయవలసిందిగా, స్టేషన్ సీసీ కెమెరాల ఈ రోజు ఫుటేజీని భద్రపరచవలసిందిగా కోరుతున్నాను.’

చివరి రెండు వాక్యాలు మాత్రం వదలొద్దు. ‘గాయం లేదు’ అన్న మాట దెబ్బలు పడకముందు రాసి ఉంటేనే దానికి విలువ. కోపంతో ‘చంపేస్తారేమో, ఎమ్మెల్యే చెప్పి చేయించాడు’ అని రాస్తే అది రాజకీయ ఫిర్యాదుగా ఒక ఫైల్లోకి వెళ్లి పడుకుంటుంది.

ఏ ఎస్పీకి రాయాలన్న దగ్గర నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది తడబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, చీరాల, అద్దంకి బాపట్లకు వెళ్లాయి, గూడూరు తిరుపతికి వెళ్లింది. ఆ తర్వాతా హద్దులు కదులుతూనే ఉన్నాయి. పాత అలవాటుతో వేరే జిల్లాకు రాస్తే, అది అటు తిరిగి ఇటు తిరిగి చేరేసరికి మూడు రోజులు పోతాయి. స్టేషన్ బోర్డు మీద సబ్‌డివిజన్, జిల్లా పేర్లుంటాయి, దాన్నే చూసి రాయండి. అనుమానముంటే ఇద్దరికీ పంపండి, పోయేదేమీ లేదు.

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఇద్దరే వెళ్లాలి, వీలైతే అందులో ఒకరు వకీలు. ఊరంతా ట్రాక్టర్లెక్కి వెళ్లారంటే గేటు దగ్గర తోపులాట అవుతుంది, విధులకు ఆటంకం కింద భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 132వ సెక్షన్‌తో ఇంకో పది మంది మీద కేసు పడుతుంది. లోపలున్న మనిషిని వదిలేసి బయటున్నవాళ్ల బెయిళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. వకీలు దొరక్కపోతే 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు.

24 గంటలు దాటినా జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టించమనే పిటిషన్) వేయవచ్చు, కానీ హైకోర్టున్న నేలపాడు దాకా వెళ్లకముందే ఒక దారి ఉంది. అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం సెర్చి వారెంటు ఇచ్చే అధికారం 100వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుకూ, ఆర్డీవోకూ ఉంది. పిటిషన్‌కు మీ మెయిలు కాపీ, కాల్ లిస్టు స్క్రీన్‌షాటు జత చేయాలి. అవి లేకుండా వెళితే ‘మొన్నటి నుంచి కనపడట్లేదు’ అన్న మాట ఒక్కటే మిగులుతుంది.

నోటీసు వస్తే, మెమో పెడితే

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా నేరుగా అరెస్టు చేయకూడదు, మామూలుగా విచారణకు రమ్మనే 35(3) నోటీసు ఇవ్వాలి. అర్నేష్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో చెప్పింది. నోటీసు మీద వెళ్లినప్పుడు మీ కాపీ వెనక లోపలికి వెళ్లిన వేళ, బయటికొచ్చిన వేళ రాసి, వీలైతే రైటర్ చేత ఇనీషియల్ వేయించుకోండి. విచారణ జరుగుతున్నప్పుడు వకీలును కలిసే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది. అంతసేపూ పక్కన కూర్చోనివ్వాలని మాత్రం అందులో లేదు.

సాక్షిగా పిలిస్తే లెక్క వేరు. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటిన పెద్దవాళ్లను, దివ్యాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికొచ్చి అడగాలి. 179వ సెక్షన్ మాట ఇది. కొడుకు దొరకలేదని తల్లినీ పెళ్లాన్నీ తీసుకొచ్చి కూర్చోబెట్టే పద్ధతి ఏ సెక్షన్‌లోనూ లేదు.

పోలీసుల ముందు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం చేయాల్సిన పని లేదు, చేయించకూడదు కూడా. తెల్లకాగితం మీద అసలే చేయకూడదు. అరెస్టు మెమోకు మాత్రం సంతకం తప్పదు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మెమోలో అరెస్టు వేళ ‘సాయంత్రం 5.00’ అని ముందే రాసి ఉంటుంది. అన్నో, బావో సాక్షి సంతకం చేసేస్తాడు. దాంతో ఆ రెండు రోజులు మన చేత్తోనే చెరిపేసుకున్నట్టు అవుతుంది. సంతకం పక్కనే చిన్న అక్షరాలతో ‘తీసుకొచ్చినది …వ తేదీ ఉ. 6.40’ అని రాయండి. రాయనివ్వకపోతే గొడవ పడొద్దు. బయటికొచ్చి అదే గంటలో ‘మెమోలోని వేళ సరికాదు, మా చేత రాయనివ్వలేదు’ అని ఎస్పీకి రెండో మెయిలు కొట్టండి. మెమోతో పాటు శరీర తనిఖీ పత్రం కూడా ఉండాలి. ఒంటి మీది చిన్నా పెద్దా గాయాలన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఒక కాపీ మనిషికి ఇవ్వాలి. అడిగితే గానీ ఇవ్వరు. అరెస్టుకు కారణాలు కూడా కాగితం మీద, తెలిసిన భాషలో ఇమ్మని అడగండి.

ఆసుపత్రిలో

రిమాండుకు ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. నెల్లూరులో దొడ్ల సుబ్బారెడ్డి ప్రభుత్వాసుపత్రి, ఒంగోలులో రిమ్స్ అని ఇంకా అందరూ పిలిచే జీజీహెచ్, మిగతా చోట్ల ఏరియా ఆసుపత్రులు. కానిస్టేబుల్ పక్కనే నిలబడతాడు, డ్యూటీ డాక్టరు ‘ఏమైనా దెబ్బలున్నాయా’ అని తలెత్తకుండా అడుగుతాడు, మనిషి ‘లేవండి’ అంటాడు, రెండు నిమిషాల్లో చీటీ చేతికొస్తుంది. ఆ ‘లేవండి’ తర్వాత కోర్టులో మూడేళ్లు వెంటాడుతుంది. అందుకే ‘చొక్కా విప్పి చూడండి సార్’ అన్న ఒక్క మాట నేర్పి పంపాలి. చొక్కా విప్పాక వీపు మీద కనపడినదాన్ని రాయకుండా ఉండటం ఏ డాక్టరుకైనా కష్టమే. పోలీసును గుమ్మం అవతల, కనపడేంత దూరంలో నిలబెట్టమని డాక్టరునే అడగవచ్చు. 53వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి గానీ, అతను చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు ఒకసారి పరీక్ష చేయించాలన్నది డి.కె. బసు షరతు.

విడిచిపెట్టాక సొంతంగా వెళితే క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల నమోదు) రాయించుకోవాలి, ఓపీ చీటీతో సరిపెట్టుకోకూడదు. ‘ఎలా జరిగింది’ అన్న గడిలో రోగి చెప్పిన మాటే పడాలి: ‘ఫలానా తేదీన, ఫలానా స్టేషన్‌లో పోలీసులు లాఠీతో అరికాళ్ల మీద కొట్టారని చెబుతున్నాడు’ అని. ‘కిందపడ్డాడు’ అని రాస్తే అక్కడికక్కడే మార్పించుకోండి. మార్చకపోతే ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చి, టపాలో ముద్ర వేయించుకోండి.

దెబ్బలు ఎలా కనపడతాయో తెలిసి ఉంటే డాక్టరుకు చూపించడం సులువు. లాఠీ దెబ్బకు రెండు ఎర్రటి గీతలు, మధ్యలో పాలిపోయిన చర్మం ఉంటుంది, రైలు పట్టాల్లాగా. కమిలిన చోటు మొదట ఎరుపు, నీలం, అయిదారు రోజులకు పచ్చదనం, వారం పది రోజులకు పసుపు తిరిగి, రెండు వారాలకు మాయమవుతుంది. నల్లటి ఒంటి మీద ఈ రంగులు సరిగా తెలియవు కాబట్టి, నొక్కితే నొప్పి, వాపు, గట్టిదనం ఎక్కడెక్కడున్నాయో డాక్టరు రాయడం ముఖ్యం. అరికాళ్ల మీద కొడితే పైకి ఒక్క రోజు వాపే కనపడి పోవచ్చు, ఎక్స్‌రేలో ఏమీ రాకపోవచ్చు, నడిస్తే నొప్పి మాత్రం నెలల తరబడి ఉంటుంది. చెంప మీద, చెవి మీద కొడితే కర్ణభేరి చిల్లు పడవచ్చు. చిన్న చిల్లు కొన్ని వారాల్లో తనంతట తనే పూడుకుంటుంది కాబట్టి ఈఎన్‌టీ పరీక్ష మూడు రోజుల్లోపే జరగాలి. చేతులు వెనక్కి కట్టి వేలాడదీస్తే భుజంలో నరాలు లాగేస్తాయి. గ్లాసు పట్టుకోలేకపోవడం, మణికట్టు జారిపోవడం దాని గుర్తులు.

అన్నిటికన్నా ప్రమాదం పైకి కనపడనిది. తొడల మీద రోలరు దొర్లించినా, కండరాల మీద అదేపనిగా కొట్టినా చర్మం చిట్లదు, లోపల కండ చితుకుతుంది. చితికిన కండలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే, లేదా బాగా తగ్గిపోతే, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీపీకే (కండ చితికిందా చూపే రక్త పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి. ‘వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడులే’ అని ఇంట్లో నూనె రాసి పడుకోబెట్టిన మనిషి మూడో రోజుకు డయాలసిస్‌కు చేరవచ్చు. ఆ సీపీకే రిపోర్టు ప్రాణాన్నీ కాపాడుతుంది, సాక్ష్యంగానూ నిలుస్తుంది.

ఫొటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. ప్రతి గాయానికి రెండు తీయండి: ముఖం కూడా పడేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు. అసలు ఫొటో తీసిన ఫోన్లోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో పంపినదానికి నాణ్యత పోతుంది, తీసిన వేళ వివరాలూ పోతాయి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోనే ఆధారం. ఐక్యరాజ్యసమితి వాళ్ల ఇస్తాంబుల్ ప్రొటోకాల్ అని ఒకటుంది, 1999లో వచ్చింది, 2022లో సవరించారు. గాయానికీ చెప్పిన కథకూ ‘పొంతన లేదు’ నుంచి ‘మరో కారణం ఉండే వీల్లేదు’ దాకా డాక్టరు అయిదు మెట్లలో ఎలా చెప్పాలో అందులో ఉంది. ఫోరెన్సిక్ విభాగానికి ఆ పేరు చెప్పి ‘ఏ మెట్టో రాయండి’ అని అడగడం తప్పు కాదు.

మెజిస్ట్రేట్ ముందు ముప్పై సెకన్లు

చాలా రిమాండ్లు రాత్రి పూట, మెజిస్ట్రేట్ ఇంటి దగ్గర జరుగుతాయి. ‘పోలీసులు కొట్టారా’ అన్న ప్రశ్న వస్తుంది. దారిలో ‘లేదని చెప్పు, లేకపోతే మళ్లీ మా దగ్గరికే వస్తావు’ అని బెదిరించి తెస్తారు. నిజానికి జ్యుడీషియల్ రిమాండ్ వేస్తే మనిషి పోయేది సబ్ జైలుకో, నెల్లూరు వైపైతే చెముడుగుంట సెంట్రల్ జైలుకో. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలామంది నోరు తెరుస్తారు. చెప్పాల్సింది ఇంతే: ఎప్పుడు తీసుకొచ్చారు, ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారు, ఇప్పుడెక్కడ నొప్పి. ‘రికార్డు చేయండి, ఆసుపత్రికి పంపండి’ అని అడగాలి. జైల్లో చేర్చుకునేటప్పుడు ఒంటి మీది గాయాలు రిజిస్టర్లో రాస్తారు. అక్కడా చొక్కా విప్పాలి. గాయాలున్న మనిషిని సరైన వైద్య కాగితం లేకుండా చేర్చుకోవడానికి జైలు వాళ్లు సాధారణంగా ఒప్పుకోరు, తర్వాత అది వాళ్ల మెడకు చుట్టుకుంటుంది కాబట్టి.

ఇందులో హోదా తేడా ఏమీ లేదు. 2021 మేలో సీఐడీ అరెస్టు చేసిన అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు, తనను కస్టడీలో కొట్టారని మెజిస్ట్రేట్ ముందే చెప్పారు. గుంటూరు మెడికల్ బోర్డు నివేదికకూ, సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రి ఇచ్చిన నివేదికకూ పొంతన కుదరలేదు. మూడేళ్ల తర్వాత, 2024 జులైలో గుంటూరు నగరంపాలెం స్టేషన్‌లో కేసు నమోదైంది, దర్యాప్తు ప్రకాశం ఎస్పీ చేతికి వచ్చింది, ఒంగోలులోనే విచారణలూ జరిగాయి. ఆరోపణల నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. మూడేళ్లు ఆలస్యంగా, ప్రభుత్వం మారాక నమోదైనా కేసుకు పట్టు దొరికిందంటే, మొదటి రోజుల్లో మెజిస్ట్రేట్ ముందు పడ్డ మాట, ఆ రెండో వైద్య పరీక్ష ఉన్నాయి కాబట్టే. మామూలు మనిషికి సుప్రీంకోర్టు సైనిక ఆసుపత్రిని చూపించకపోవచ్చు గానీ, మెజిస్ట్రేట్ ముందు నోరు తెరిచే అవకాశం మాత్రం అంతే ఉంటుంది.

పోలీసు కస్టడీకి అడిగితే వకీలు వెంటనే కౌంటర్ వేయాలి. తీసుకెళ్లే ముందూ తెచ్చాకా వైద్య పరీక్ష, వకీలు కనుచూపు దూరంలో ఉండటం, వీడియో, ఈ మూడూ షరతులుగా కోరాలి. నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని సెల్వి కేసులో 2010 మే 5న తీర్పు వచ్చింది.

‘కొట్టకపోతే చెబుతాడా?’

టీ కొట్టు దగ్గర ఈ మాట అనేవాళ్లే ఎక్కువ, చదువుకున్నవాళ్లూ అంటారు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అది. మరి చెల్లని మాట కోసం ఎందుకు కొడతారు? ఆ సెక్షన్‌కు ఒక తోక ఉంది, పాత చట్టంలో 27వ సెక్షన్. నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకు చెల్లుతుంది. అంటే దెబ్బలకు గిట్టుబాటు ‘రికవరీ’లో ఉంది. కమ్మలో, బైకో, కత్తో దొరికినట్టు మధ్యవర్తుల నివేదిక రాస్తారు, దాని కింద వీఆర్వో సంతకం పెడతాడు.

వీఆర్వోలు, పంచాయతీ కార్యదర్శులు చదవాల్సిన ముక్క ఇది. నివేదిక ముందే టైపు చేసి తెచ్చి స్టేషన్‌లోనే సంతకం పెట్టమంటే, ‘స్థలానికి వెళదాం సార్’ అనండి. మనిషి కుంటుతున్నా, చెయ్యి ఎత్తలేకపోతున్నా అది కూడా నివేదికలో రాయమనండి. ఏళ్ల తర్వాత బోనెక్కేది మీరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘అప్పుడు నిందితుడు ఎలా ఉన్నాడు’ అని అడిగితే చెప్పుకోవడానికి మీకో వాక్యం ఉండాలి.

ఈ వాదం మన దగ్గర ఒక్క చోటే లేదు. 2001 దాడుల తర్వాత అమెరికాలో సీఐఏ వాళ్లు నీళ్లలో ముంచినట్టు ఊపిరాడనివ్వకపోవడం లాంటి పద్ధతులకు ‘మెరుగుపరచిన విచారణ’ అని పేరు పెట్టి, 2002లో న్యాయశాఖ చేత మెమోలు రాయించుకున్నారు. 2014 డిసెంబర్‌లో వాళ్ల సెనేట్ కమిటీ బయటపెట్టిన సారాంశం, ఆ దెబ్బలతో నమ్మదగిన సమాచారం రాలేదని తేల్చింది. మెమో రాసినవాళ్లు, ఆదేశించిన పెద్దలు ఎవరూ బోనెక్కలేదు. అయితే అక్కడ కనీసం మెమోలున్నాయి కాబట్టి ఎవరు సంతకం పెట్టారో లోకానికి తెలిసింది. మన దగ్గర అన్నీ నోటిమాట ఆదేశాలే.

బయటికొచ్చాక ఫిర్యాదు

ఒప్పించడానికి కొట్టడం న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద నేరం. మామూలు గాయానికి ఏడేళ్ల దాకా, తీవ్ర గాయానికి పదేళ్ల దాకా శిక్ష. ఒప్పించడానికి అక్రమంగా నిర్బంధిస్తే 127(8). కొట్టిన స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోరన్నది తెలిసిందే, అయినా ముందు అక్కడికే పంపాలి. తర్వాత 173(4) కింద ఎస్పీకి, ఆ తర్వాత మెజిస్ట్రేటుకు. మెట్టు దాటవేస్తే పిటిషన్ ఆ ఒక్క కారణంతో వెనక్కొస్తుంది. ఎస్పీకి ఇచ్చేటప్పుడు వేరే సబ్‌డివిజన్ డీఎస్పీతో విచారణ చేయించమని కోరండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు పడుతుంది, అది ఉపయోగం. ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ చట్టం కూడా చేర్చమని రాయండి.

అడ్డం వచ్చేది 218వ సెక్షన్: విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడవదు. లాకప్‌లో అరికాళ్లు కొట్టడం విధి ఎలా అవుతుందన్నది మన వాదన, కోర్టులు దీన్ని ఒక్కోసారి ఒక్కోలా చూశాయి. కొత్త చట్టంలో ఒక మేలు ఉంది. అనుమతి కోరాక 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆ 120 రోజులు క్యాలెండరు మీద గీసుకోండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపు రాయాలి, ఫీజు లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. ఢిల్లీకో, రాష్ట్ర కమిషన్‌కో ఒక్కదానికే పంపండి. రెండింటికీ పంపితే ఒకచోట పెండింగ్ ఉందని రెండోచోట మూసేస్తారు. పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయవచ్చు. నీలబతి బెహరా కేసులో 1993లో లక్షన్నర ఇప్పించినప్పటి నుంచి ఆ దారి తెరిచే ఉంది.

మనిషి చనిపోతే మిగతావన్నీ ఆపి మూడు పనులు చేయండి. 196వ సెక్షన్ కింద జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ కోరాలి, తహసీల్దారు శవపంచనామాతో సరిపెట్టుకోవద్దు. పోస్టుమార్టం వీడియో తీయమని రాసివ్వాలి. రెండో పోస్టుమార్టం అవసరం లేదని వకీలు చెప్పేదాకా దహనం చేయకూడదు. రాత్రికి రాత్రే ఎంతో కొంత డబ్బుతో మధ్యవర్తులు వస్తారు. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలపాల్సిన బాధ్యత జిల్లా అధికారులదే, తెలిపారా లేదా అని కలెక్టర్‌నూ ఎస్పీనీ రాతపూర్వకంగా అడగండి.

నాయకులను ఏం అడగాలి

‘పోలీసుల దౌర్జన్యం ఆపాలి’ అని వినతిపత్రం ఇస్తే ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా నవ్వుతూ తీసుకుంటాడు, ఫొటో దిగుతాడు. పేరు, పదవి, తేదీ ఉన్న ప్రశ్న అయితే అలా కుదరదు.

ఎంపీని అడగాల్సింది: హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 1997 అక్టోబర్‌లో సంతకం చేసింది, ఆమోదించలేదు. 2010 మే 6న లోక్‌సభ ఆమోదించిన హింస నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాకా వెళ్లి, 2014లో కాలం చెల్లింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికతో కొత్త ముసాయిదా ఇచ్చింది. దాని మీద మీరు సభలో ఒక్క ప్రశ్నయినా వేశారా? ఈ మధ్యలో రెండు కూటములూ ఢిల్లీలో ఉన్నాయి, కాబట్టి ఎవరూ ఎదుటివాళ్ల మీదికి తోసేయలేరు.

జిల్లాలో అడగాల్సినదానికి ఇంతకంటే పదునుంది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, వెనక భాగం అన్నిటా రాత్రి కూడా కనపడే, మాట కూడా వినపడే కెమెరాలు పెట్టమంది. ఫుటేజీ 18 నెలలు, ఆ సదుపాయం లేకపోతే కనీసం ఏడాది ఉంచమంది. వీటి మీద జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండాలంది. అందులో కలెక్టర్, ఎస్పీతో పాటు ఎన్నికైన మనిషికీ చోటుంది: పట్టణంలో మేయరు, పల్లెల వైపు జిల్లా పరిషత్ అధ్యక్షులు. తాము ఆ కమిటీలో ఉన్నామని చాలాచోట్ల వాళ్లకే తెలియదు. జడ్పీ సర్వసభ్య సమావేశంలో మీ జడ్పీటీసీ చేత అడిగించాల్సిన ప్రశ్న ఇదే.

అదే రోజు ఎస్పీ కార్యాలయానికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఏయే స్టేషన్‌లో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్ని పని చేస్తున్నాయి, ఎన్ని రోజుల ఫుటేజీ నిలవ ఉంటోంది, కమిటీ ఏ తేదీల్లో సమావేశమైంది, ఆ మినిట్స్ కాపీలు. ‘ఫలానా రోజు ఫుటేజీ ఇవ్వండి’ అని ఇందులో కలపొద్దు. దర్యాప్తుకు ఆటంకం అని దాంతో పాటు మొత్తం తిప్పి పంపుతారు, ఫుటేజీకి కోర్టులో విడిగా అర్జీ వేయాలి. మనిషి ఇంకా లోపలే ఉంటే అతని సంగతి మాత్రం ‘ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినది’ అని పైన రాసి వేరే దరఖాస్తులో అడగండి, దానికి 48 గంటల్లో జవాబివ్వాలి.

ముప్పై రోజులకు వచ్చే జవాబులో ‘కమిటీ సమావేశం జరగలేదు’ అనో, ‘ఆ సమాచారం ఈ కార్యాలయంలో లేదు’ అనో ఉంటే చింపేయొద్దు. దాన్ని నోటరీ చేయించి రిట్ పిటిషన్‌కు జత చేయండి. ‘ఆ రోజు కెమెరా పాడైంది’ అని స్టేషన్ చెప్పినప్పుడు, పాడైందని ఎవరికి ఎప్పుడు రిపోర్టు చేశారో చూపించాల్సిన బరువు అటు వైపు పడుతుంది.